కొంటే మార్కులే.. కడితే విద్య!

ఇంట్లోనే రోబో తయారీ.. ఔత్సాహికులు తెలుసుకోవలసిన సంగతులు

కీసర: రాత్రి ట్యూబులైటు వెలుగులో నేలపై అతికించిన నల్లటి టేపు వెంట పొల్లుపోకుండా సాగిన చిన్న రోబో, మర్నాడు ఉదయం కిటికీ పక్కన అదే టేపుపై దారి తప్పుతుంది. తీగ ఊడలేదు. ప్రోగ్రాం మారలేదు. బ్యాటరీ నిండుగానే ఉంది. మారింది ఒక్కటే, గదిలోకి ఎండ వచ్చింది. ఎండలో కంటికి కనిపించని పరారుణ కిరణాలు ఉంటాయని పాఠ్యపుస్తకంలో చదివిన విద్యార్థికి ఆ మాట నిజంగా బోధపడేది అప్పుడే. రోబోను సొంతంగా తయారు చేసుకునే అభిరుచిలోని ప్రయోజనమంతా ఇలాంటి తికమకలను విప్పుకోవడంలోనే ఉంది.

ఇంజినీరింగ్, పాలిటెక్నిక్ విద్యార్థులు చివరి సంవత్సరంలో ప్రాజెక్టు చేయడం తప్పనిసరి. దీన్ని ఆసరాగా చేసుకుని సిద్ధంగా ఉన్న ప్రాజెక్టులను అమ్మే వ్యాపారం నగరంలో ఏళ్ల తరబడి సాగుతోంది. యంత్రం, నివేదిక, వివరణ పాఠం అన్నీ ఒకే చోట దొరుకుతాయి. తల్లిదండ్రులు డబ్బు చెల్లిస్తారు. విద్యార్థికి మార్కులు వస్తాయి. ఎండలో రోబో ఎందుకు దారి తప్పిందో మాత్రం తెలియదు. అదే విద్యార్థి కొన్ని వారాలు శ్రమిస్తే అంతకంటే తక్కువ ఖర్చుతో అలాంటి యంత్రాన్ని స్వయంగా నిలబెట్టగలడు. అందుకు కావలసిన వనరులు కీసర, ఉప్పల్, నాచారం పరిసరాల్లో, వాటికి బస్సు దూరంలోనే ఉన్నాయి.

రోబో అంటే మరమనిషే కానక్కరలేదు

రోబో అనగానే కాళ్లు, చేతులు ఉన్న మరమనిషి మనసులో మెదలడం సహజం. సాంకేతికంగా మూడు పనులు చేసే యంత్రాన్ని రోబో అనవచ్చు. పరిసరాలను గ్రహించడం, గ్రహించిన దాన్ని బట్టి నిర్ణయం తీసుకోవడం, నిర్ణయాన్ని కదలికగా మార్చడం. గ్రహించే పని సెన్సర్లది, నిర్ణయించే పని మైక్రోకంట్రోలర్‌ది, కదిలే పని మోటార్లది.

ఈ సూత్రం పల్లె రైతులకు కొత్తది కాదు. బోరు మోటార్లకు బిగించే ఆటోస్టార్టరు కరెంటు వచ్చిందని గ్రహిస్తుంది, మోటారును ఆన్ చేయాలని నిర్ణయిస్తుంది, చేస్తుంది. రైతు అర్ధరాత్రి పొలానికి వెళ్లే బాధ తప్పుతుంది. అయితే నేలకు నీరు అవసరమా లేదా అన్నది దానికి తెలియదు. వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్తు 2018 జనవరి 1 నుంచి అమలులోకి రావడానికి ముందు, ఆటోస్టార్టర్లను తొలగించాలని తెలంగాణ ప్రభుత్వం రైతులను కోరింది. అవసరం లేకున్నా మోటార్లు నడిచి భూగర్భ జలం వృథా అవుతుందన్నదే ఆందోళన. తేమను గ్రహించే సెన్సర్‌ను ఒకటి జోడించి, నేల పొడిగా ఉంటేనే మోటారు నడిచేలా చేస్తే ఆ పరికరం రోబోకు ఒక మెట్టు దగ్గరవుతుంది. యంత్రం దేన్ని గమనిస్తోంది, దేన్ని గమనించడం లేదన్న ప్రశ్నే రోబో తయారీకి మొదటి పాఠం.

హ్యాకింగ్ అంటే దొంగతనమేనా?

ఇతరుల కంప్యూటర్లలోకి చొరబడడాన్ని హ్యాకింగ్ అనడం వాడుకలో స్థిరపడింది. ఆ పదం పుట్టింది మాత్రం వేరే అర్థంలో. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ (ఎంఐటీ)లో బొమ్మ రైళ్ల నమూనాలు కట్టే విద్యార్థి సంఘం ఉండేది. ఉన్న పరికరాలతో, తయారీదారు ఊహించని రీతిలో చమత్కారంగా పని సాధించడాన్ని ఆ విద్యార్థులు 1950 దశకం చివర్లో హ్యాక్ అన్నారు. ఔత్సాహికులు నేటికీ ఆ అర్థంలోనే వాడుతున్నారు. బొమ్మకారును విప్పి దానికి సెన్సర్లు బిగించడం, పాత ప్రింటరు మోటారుతో గీతలు గీసే యంత్రం చేయడం ఈ కోవలోకే వస్తాయి.

తయారీ సంస్థలు ఈ ధోరణిని రెండు రకాలుగా ఎదుర్కొన్నాయి. లెగో సంస్థ 1998లో మైండ్‌స్టార్మ్స్ అనే రోబో కిట్‌ను విడుదల చేయగా, కొద్ది వారాల్లోనే స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ విద్యార్థి కెకోవా ప్రౌడ్‌ఫుట్ దాని మైక్రోకంట్రోలర్ దిమ్మె లోపలి పనితీరును శోధించి బయటపెట్టారు. దావా వేయాలా, వదిలేయాలా అని తర్జనభర్జన పడిన లెగో చివరకు హ్యాక్ చేసే హక్కును సాఫ్ట్‌వేర్ లైసెన్సులోనే చేర్చింది. ఆ కిట్లు 2022 చివరి దాకా అమ్ముడయ్యాయి. 1999లో ఐబో అనే రోబో కుక్కను తెచ్చిన సోనీ సంస్థ మాత్రం, ఒక ఔత్సాహికుడు దానికి కొత్త విద్యలు నేర్పే ప్రోగ్రాములు రాసి పంచిపెట్టగా 2001లో అభ్యంతరం తెలిపింది. ఐబో యజమానులే నిరసన తెలపడంతో మెత్తబడి, తర్వాత ప్రోగ్రాములు రాసుకునే ఉపకరణాలను తానే విడుదల చేసింది.

మన దేశంలో గీత ఎక్కడుందో విద్యార్థులు తెలుసుకోవాలి. సొంత డబ్బుతో కొన్న బొమ్మను విప్పి మార్చుకోవడం అభిరుచి. ఇతరుల కెమెరాలోకో, కంప్యూటర్‌లోకో, కర్మాగారంలోని నియంత్రణ వ్యవస్థలోకో అనుమతి లేకుండా ప్రవేశించడం నేరం. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం 66వ సెక్షన్ కింద దీనికి మూడేళ్ల వరకు జైలు, రూ.5 లక్షల వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చు.

పాత సామానుతో పుట్టిన తాబేళ్లు

ఔత్సాహిక రోబోల కథ ఖరీదైన ప్రయోగశాలలతో మొదలు కాలేదు. ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో నాడీశాస్త్ర పరిశోధకుడు గ్రే వాల్టర్ 1948-49లో ఎల్మర్, ఎల్సీ అనే రెండు యంత్ర తాబేళ్లను తయారు చేశారు. రెండో ప్రపంచ యుద్ధానంతరం మిగిలిపోయిన విడిభాగాలు, పాత గడియారాల పళ్లచక్రాలే వాటికి ముడిసరుకు. ఒక్కో తాబేలుకు ఉన్న ‘మెదడు’ రెండు వాక్యూమ్ ట్యూబులు మాత్రమే. అయినా అవి వెలుగు వైపు నడిచేవి, అడ్డు తగిలితే పక్కకు తప్పుకునేవి. తక్కువ భాగాలతోనే ప్రాణమున్నట్లు తోచే ప్రవర్తన సాధ్యమని ఆయన నిరూపించారు. నేటి విద్యార్థి చేతిలోని చవక మైక్రోకంట్రోలర్ శక్తితో పోలిస్తే ఆ రెండు ట్యూబులు లెక్కలోనివి కావు.

ఎలక్ట్రానిక్స్‌కు పుట్టినిల్లు వంటి ప్రాంతం

నగరం తూర్పు భాగానికి ఈ రంగంలో ఘన వారసత్వమే ఉంది. డాక్టర్ ఎ.ఎస్.రావు చొరవతో 1967లో ఏర్పాటైన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్ (ఈసీఐఎల్) చర్లపల్లి ప్రాంత రూపురేఖలనే మార్చివేసింది. టీడీసీ-12 కంప్యూటర్‌ను 1969లో అందించిన సంస్థ ఇదే. ‘ఈసీ’ టీవీలు ఒకనాడు ఇంటింటా కనిపించేవి. ఎలక్ట్రానిక్ ఓటింగ్ యంత్రం నమూనాను 1979లో రూపొందించిందీ ఈ సంస్థే. ఎ.ఎస్.రావు నగర్ పేరు ఆయన స్మారకమే. చుట్టూ చర్లపల్లి, మల్లాపూర్, నాచారం, ఉప్పల్ పారిశ్రామికవాడలు విస్తరించాయి.

ఈసీఐఎల్ చౌరస్తా నుంచి నాగారం మీదుగా కీసర వెళ్లే దారిలో చీర్యాల వద్ద గీతాంజలి, బోగారంలో హోలీమేరీ ఇంజినీరింగ్ కళాశాలలు, ఆవల ఘట్‌కేసర్ మండలంలో అనురాగ్ విశ్వవిద్యాలయం, రామంతాపూర్‌లో జేఎన్ ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉన్నాయి. ఒకవైపు విద్యార్థులు, మరొకవైపు లేతు మిషన్లు, రేకు పని చేసే కార్ఖానాలు ఇంత చేరువలో ఉన్న ప్రాంతాలు అరుదు. బజారులో దొరకని చిన్న ఇరుసునో, మోటారు బిగించే పట్టీనో కొలత ఇచ్చి చేయించుకునే వీలు ఉండడం ఔత్సాహికులకు పెద్ద వరం.

రోబోటిక్స్‌లో ప్రపంచస్థాయికి ఎదిగిన తెలుగువారి ప్రస్తావన వస్తే ముందుగా చెప్పుకోవలసింది డాక్టర్ దబ్బల రాజగోపాల్‌రెడ్డి గురించి. నాటి చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో జన్మించిన రాజ్‌రెడ్డి, అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో 1979లో రోబోటిక్స్ సంస్థను నెలకొల్పి దాని తొలి డైరెక్టరుగా పనిచేశారు. 1994లో కంప్యూటర్ రంగపు అత్యున్నత పురస్కారమైన ట్యూరింగ్ అవార్డును ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి అందుకున్నారు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీకి మార్గదర్శనం చేసిన వారిలోనూ ఆయన ప్రముఖులు.

ఏమేం కావాలి?

కొత్తవారు గీత వెంట నడిచే రోబోతో మొదలుపెట్టడం మేలు. దీన్నే లైన్ ఫాలోయర్ అంటారు. కావలసిన సామగ్రి ఇది.

* మైక్రోకంట్రోలర్ బోర్డు: 1
* గేరు పెట్టెతో కూడిన చిన్న డీసీ మోటార్లు: 2, వాటికి సరిపడే చక్రాలు: 2
* ముందువైపు అన్ని దిశలకూ తిరిగే చిన్న కాస్టర్ చక్రం: 1
* మోటారు డ్రైవరు బోర్డు: 1
* పరారుణ సెన్సర్లు: 2 నుంచి 5
* బ్యాటరీలు, వాటి పెట్టె, చార్జరు, స్విచ్చి, తీగలు

2000 దశకంలో విద్యార్థులు ఎక్కువగా 8051 కుటుంబానికి చెందిన చిప్‌లపై ఆధారపడేవారు. చిప్‌లోకి ప్రోగ్రాం ఎక్కించడానికి ప్రోగ్రామర్ పరికరం విడిగా కావలసి వచ్చేది. ఇటలీలోని ఇవ్రియాలో 2005లో రూపుదిద్దుకున్న ఆర్డ్యునో బోర్డు ఆ ఇబ్బందిని తొలగించింది. యూఎస్‌బీ తీగతో కంప్యూటర్‌కు కలిపి నేరుగా ప్రోగ్రాం ఎక్కించవచ్చు. బోర్డు నమూనా చిత్రాలను రూపకర్తలు అందరికీ బహిరంగపరచడంతో ఎవరైనా తయారు చేసి అమ్మే వీలు కలిగి ధరలు దిగివచ్చాయి. వైఫై సౌకర్యం కూడా ఉన్న ఈఎస్‌పీ32 చిప్ 2016లో వచ్చింది.

ఇటువంటి రోబోకు మొత్తం ఖర్చు సుమారు రూ.1,500 నుంచి రూ.2,500 వరకు అవుతుంది. విడిభాగాలకు కోఠిలోని గుజరాతీ గల్లీ, యంత్ర సామగ్రికి సికింద్రాబాద్ రాణిగంజ్ పేరుపొందాయి. చట్రానికి డబ్బు పెట్టనవసరం లేదు. ఫ్లెక్సీ దుకాణాల్లో మిగిలిపోయే సన్‌బోర్డు ముక్క, వడ్రంగి వద్ద మిగిలిన ప్లైవుడ్ ముక్క చక్కగా సరిపోతాయి.

గీతను ఎలా పసిగడుతుంది?

సెన్సర్‌లో రెండు చిన్న బల్బుల వంటివి పక్కపక్కన ఉంటాయి. ఒకటి పరారుణ కాంతిని నేలపైకి పంపుతుంది. రెండోది తిరిగి వచ్చిన కాంతిని కొలుస్తుంది. తెల్లటి నేల ఎక్కువ కాంతిని వెనక్కి పంపుతుంది, నల్లటి టేపు మింగేస్తుంది. బోర్డు ఈ కొలతను 0 నుంచి 1023 వరకు అంకెగా చదువుతుంది. ఉదాహరణకు తెలుపుపై 800, నలుపుపై 200 వచ్చిందనుకుంటే మధ్యనున్న 500ను హద్దుగా పెట్టుకోవచ్చు. గీతకు అటూ ఇటూ ఒక్కో సెన్సర్ ఉంచి, ఎడమ సెన్సర్ కింద నలుపు వస్తే ఎడమ మోటారును ఆపాలి, కుడి సెన్సర్ కింద వస్తే కుడి మోటారును ఆపాలి. రోబో తిరిగి గీత మీదికి వస్తుంది.

ఎండ వచ్చినప్పుడు జరిగేది ఇక్కడే తెలుస్తుంది. ఎండలోని పరారుణ కాంతి నేరుగా సెన్సర్‌లో పడి నలుపుపై రావలసిన 200 కాస్తా 600 అయిందనుకుందాం. హద్దు 500 వద్దే ఉండడంతో రోబోకు నలుపు కూడా తెలుపుగానే తోస్తుంది. దీనికి మందులు మూడు. సెన్సర్‌ను నేలకు కొద్ది మిల్లీమీటర్ల ఎత్తులోకి దించి చుట్టూ నల్లటి తొడుగు వేయడం ఒకటి. నడక మొదలుపెట్టే ముందు ప్రతిసారీ తెలుపు, నలుపులను కొత్తగా చదివించి హద్దును అక్కడికక్కడే నిర్ణయించుకునేలా ప్రోగ్రాం రాయడం రెండోది. పరారుణ బల్బు ఆర్పి ఒకసారి, వెలిగించి ఒకసారి కొలిచి తేడాను మాత్రమే లెక్కలోకి తీసుకోవడం మూడోది. ఆర్పినప్పుడు వచ్చిన అంకె ఎండది, తేడా రోబోది.

కంటికి నల్లగా ఉన్నదంతా సెన్సర్‌కు నలుపు కాదన్నది మరో విశేషం. కొన్ని నల్లటి బట్టలు, రంగులు పరారుణ కాంతిని బాగానే వెనక్కి పంపుతాయి. అందుకే టేపును, రంగును ముందుగా కొలిచి చూసుకోవాలి.

లెక్క తప్పితే గీత దాటుతుంది

వేగానికీ ప్రోగ్రాంకూ ఉన్న సంబంధాన్ని చిన్న లెక్కతో గ్రహించవచ్చు. చక్రం వ్యాసం 65 మిల్లీమీటర్లు అయితే చుట్టుకొలత సుమారు 204 మిల్లీమీటర్లు. మోటారు నిమిషానికి 200 చుట్లు తిరిగితే, సెకనుకు సుమారు 3.3 చుట్లు. అంటే రోబో సెకనుకు దాదాపు 68 సెంటీమీటర్లు కదులుతుంది. ప్రోగ్రాంలో ఎక్కడైనా సెకనులో పదో వంతు ఆగమని రాస్తే, ఆ వ్యవధిలో రోబో కళ్లు మూసుకుని 6.8 సెంటీమీటర్లు పోతుంది. టేపు వెడల్పు 2 సెంటీమీటర్లే. మలుపు వద్ద అది గీతను దాటిపోయిందంటే తప్పు మోటారుది కాదు, ఆ ఒక్క వరుసది. ఆ వరుస తీసివేసి సెన్సర్లను సెకనుకు వెయ్యిసార్లు చదివిస్తే రెండు చూపుల నడుమ కదిలే దూరం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు.

రెండు సెన్సర్ల రోబో అటూ ఇటూ ఊగుతూ నడుస్తుంది. అయిదు సెన్సర్లు ఉంటే గీత నడిమికి ఎంత దూరం జరిగిందో అంకెల్లో తెలుస్తుంది. కొద్దిగా జరిగితే కొద్దిగా, ఎక్కువ జరిగితే ఎక్కువగా మలిచేలా మోటార్ల వేగాన్ని మార్చవచ్చు. సైకిలు తొక్కేవారు చేసేది అచ్చంగా ఇదే. హ్యాండిల్‌ను ఒక్కసారిగా పూర్తిగా తిప్పరు, ఒరిగినంత మేరకే సరిదిద్దుతారు. పరిశ్రమల్లో కొలిమి వేడిని, నీటి మట్టాన్ని నిలకడగా ఉంచే పీఐడీ నియంత్రణకు మూలసూత్రం కూడా ఇదే.

కొత్తవారు తరచుగా చేసే పొరపాట్లు

మోటార్లను నేరుగా బోర్డుకు కలపడం వీటిలో మొదటిది. ఆర్డ్యునో యునో వంటి బోర్డుల్లో ఒక్కో కాలికి 20 మిల్లీ ఆంపియర్లకు మించి భారం పెట్టకూడదు. మోటారుకు అంతకు ఎన్నో రెట్లు కావాలి. అందుకే మధ్యలో డ్రైవరు ఉంటుంది. ఎల్293డి చిప్ ఒక్కో మోటారుకు 600 మిల్లీ ఆంపియర్ల వరకు, ఎల్298 చిప్ 2 ఆంపియర్ల వరకు ఇవ్వగలవు.

చిన్న డబ్బా ఆకారంలో ఉండే 9 ఓల్టుల బ్యాటరీని వాడడం రెండో పొరపాటు. అంకె పెద్దదే గాని, మోటార్లు కోరినంత విద్యుత్తును అది ఒక్కసారిగా అందించలేదు. మోటారు కదలబోగానే ఓల్టేజీ కుంగి బోర్డు ఆరిపోయి మళ్లీ మొదటి నుంచి లేస్తుంది. చూసేవారికి రోబో వణుకుతున్నట్లు కనిపిస్తుంది.

మోటార్లకు ఒక బ్యాటరీ, బోర్డుకు మరొకటి పెట్టి రెండింటి రుణ ధ్రువాలను కలపకపోవడం మూడోది. రెండు పక్షాలకూ ఉమ్మడి కొలబద్ద లేకపోతే బోర్డు పంపే సంకేతం డ్రైవరుకు అర్థం కాదు. నాలుగోది మోటారు పుట్టించే విద్యుత్ రొద. మోటారు రెండు కొనల మధ్య 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్‌ను అతికిస్తే ఈ బెడద చాలావరకు తగ్గుతుంది. అయిదోది, ఎల్298 తనలోనే సుమారు 2 ఓల్టులను వేడి రూపంలో మింగుతుందన్న సంగతి మరచిపోవడం. 6 ఓల్టుల బ్యాటరీ పెడితే మోటారుకు చేరేది 4 ఓల్టులే.

పాత సామానులో పెన్నిధి, ప్రమాదం

ఇంట్లో మూలనపడ్డ యంత్రాలు ఔత్సాహికులకు గనుల వంటివి. పాత ప్రింటరులో స్టెప్పర్ మోటార్లు, నునుపైన ఉక్కు కడ్డీలు, పళ్ల బెల్టులు ఉంటాయి. సీడీ డ్రైవులో చిన్న మోటార్లు, జారుడు పట్టాలు దొరుకుతాయి. పాడైన రిమోట్ కారు నుంచి చట్రం, గేర్లు తీసుకోవచ్చు. బరువైన రోబోలకు కార్ల అద్దాలు తుడిచే 12 ఓల్టుల వైపర్ మోటార్లు అనువుగా ఉంటాయి.

అన్నింటినీ విప్పరాదు. మైక్రోవేవ్ పొయ్యి, పాత పిక్చర్ ట్యూబు టీవీ, కంప్యూటర్ పవర్ సప్లయి పెట్టెల్లో ప్లగ్గు తీసిన తర్వాత కూడా ప్రమాదకర స్థాయిలో విద్యుత్తు నిల్వ ఉంటుంది. వీటి జోలికి పిల్లలు వెళ్లకూడదు. 230 ఓల్టుల కరెంటుతో పనిచేసే ఏ ప్రయోగమైనా అనుభవజ్ఞుల సమక్షంలోనే చేయాలి.

లిథియం అయాన్ బ్యాటరీల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు ఉండే 18650 రకం సెల్లు నిండినప్పుడు 4.2 ఓల్టులు ఇస్తుంది. 3 ఓల్టుల దిగువకు వాడితే పాడవుతుంది. రెండు కొనలు నేరుగా కలిసినా, గుచ్చుకున్నా, మితిమీరి చార్జి చేసినా మంటలు రేగవచ్చు. తగిన చార్జరునే వాడాలి. రాత్రి చార్జింగుకు పెట్టి నిద్రపోరాదు. పాత ల్యాప్‌టాప్ నుంచి తీసిన సెల్లులు చవకే అయినా కొత్తవారికి తగవు. ఉబ్బిన బ్యాటరీని చెత్తబుట్టలో వేయకుండా అధీకృత ఈ-వ్యర్థాల సేకరణ కేంద్రానికి అప్పగించాలి.

ఎగిరే యంత్రాలకు 2021 డ్రోన్ నిబంధనలు వర్తిస్తాయి. హకీంపేట వైమానిక స్థావరం, అణు ఇంధన సంస్థ వంటి కీలక కేంద్రాలు ఈ ప్రాంతానికి చేరువలో ఉన్నందున, గాలిలోకి లేపే ముందు డిజిటల్ స్కై పటంలో ఆ చోటు ఏ జోన్‌లో ఉందో చూసుకోవడం తప్పనిసరి. నేలపై నడిచే రోబోకు ఈ చిక్కులు లేవు.

నేర్చుకునే చోట్లు, పోటీలు

2016లో మొదలైన అటల్ ఇన్నోవేషన్ మిషన్ కింద దేశవ్యాప్తంగా 10 వేల పాఠశాలల్లో టింకరింగ్ ల్యాబ్‌లు ఏర్పాటయ్యాయి. 6 నుంచి 12వ తరగతి వరకు విద్యార్థులకు ఉద్దేశించిన ఈ ల్యాబ్‌లకు రూ.20 లక్షల వరకు గ్రాంటు లభిస్తుంది. ప్రభుత్వ పాఠశాలల్లో అయిదేళ్లలో 50 వేల ల్యాబ్‌లు నెలకొల్పుతామని 2025-26 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. తమ పిల్లల బడిలో ల్యాబ్ ఉందా, ఉంటే దాని తలుపులు వారానికి ఎన్ని గంటలు తెరుస్తున్నారు అన్న విషయాన్ని తల్లిదండ్రులు విచారించుకోవాలి. బీరువాలో భద్రంగా ఉన్న కిట్ ఎవరికీ ఏమీ నేర్పదు.

ఇంజినీరింగ్ విద్యార్థులకు ఐఐటీ బొంబాయి ఈ-యంత్ర పేరిట పోటీలు నిర్వహిస్తోంది. ఆసియా-పసిఫిక్ దేశాల కళాశాలలు తలపడే ఏబీయూ రోబోకాన్ 2002లో టోక్యోలో మొదలైంది. 2008లో పుణె ఆతిథ్యమిచ్చినప్పుడు ఉట్టి కొట్టే వేడుకనే పోటీ ఇతివృత్తంగా తీసుకున్నారు. 2014లోనూ పుణెలోనే జరిగింది. ఈ పోటీల్లో రోబోలను జట్లు స్వయంగా కట్టుకోవాలి. వేదికపై ఏదైనా విరిగితే నిమిషాల్లో బాగుచేసుకోవాలి. కొనుక్కొచ్చిన యంత్రంతో ఇది కుదిరే పని కాదు.

పెద్ద పనిముట్లు కావలసిన వారికి రాయదుర్గంలో 2023 మార్చి 2న ప్రారంభమైన టీ-వర్క్స్ ఉంది. 78 వేల చదరపు అడుగుల ఈ నమూనాల తయారీ కేంద్రంలో లేజర్ కోత, త్రీడీ ముద్రణ, సర్క్యూట్ బోర్డుల తయారీ వంటి సౌకర్యాలు ఉన్నాయి. ఉప్పల్ నుంచి రాయదుర్గం వరకు మెట్రో రైలు మారకుండా వెళ్లవచ్చు.

మార్కులకు ముందు అయిదు ప్రశ్నలు

విద్యార్థి ప్రాజెక్టును సొంతంగా చేశాడా, కొన్నాడా అన్నది తేల్చడానికి పెద్ద పరీక్షలు అక్కరలేదు. అధ్యాపకులు గాని, తల్లిదండ్రులు గాని ఈ అయిదు ప్రశ్నలు అడిగితే చాలు.

1. ఇది తొలిసారి ఎప్పుడు పనిచేయలేదు? కారణం ఎలా కనిపెట్టావు?
2. ఈ హద్దు అంకెను ఎక్కడి నుంచి తెచ్చావు? కిటికీ తెరిస్తే అది మారుతుందా?
3. మోటారు చక్రాన్ని చేత్తో పట్టుకుని ఆపితే ఎంత విద్యుత్తు లాగుతుంది? డ్రైవరు తట్టుకుంటుందా?
4. ఈ తీగ ఒక్కటి తీసేస్తే ఏం జరుగుతుంది?
5. మళ్లీ చేయమంటే దేన్ని మారుస్తావు?

సొంతంగా కట్టినవారు మొదటి ప్రశ్నకే ఉత్సాహంగా పది వైఫల్యాలు ఏకరువు పెడతారు. కొన్నవారి దగ్గర విజయం ఒక్కటే ఉంటుంది. మూల్యాంకనంలో పనిచేసే రోబోకు ఎన్ని మార్కులు ఇస్తున్నారో, అది ఎందుకు పనిచేయలేదో వివరించగలిగిన విద్యార్థికీ అన్ని మార్కులు ఇవ్వడం మొదలుపెడితే సిద్ధ ప్రాజెక్టుల కొనుగోళ్లకు చాలావరకు అడ్డుకట్ట పడుతుంది. యంత్రం ఆగిపోయినప్పుడు చేయి పెట్టి సరిచేయగలవారి అవసరం ఈ పారిశ్రామికవాడల్లో ప్రతి కార్ఖానాకూ ఉంది. ఆ నేర్పు రెండు వేల రూపాయల రోబోతో ఇంటి వరండాలోనే మొదలుకావచ్చు.